ఈ వారం మీ వీధి వంతు

ఫిబ్రవరి 3

సూదత్తయ్యకు,

వసపిట్ట వాగుడు మొదలుపెడుతోంది, కళ్లజోడు పెట్టుకో. ఫోన్ చేస్తే ప్రతి మాటకీ "ఆఁ?" అంటావు. నేను గొంతు పెంచితే పక్కింటివాళ్లు మా ఇంట్లో ఏదో గొడవనుకుని తలుపు దగ్గరికి వచ్చేస్తున్నారు. అందుకే ఉత్తరం. ఇంత పెద్ద సంగతిని ముక్కలు ముక్కలుగా అరవడం నాకు ఇష్టం లేదు.

నేను కౌన్సిలర్‌నై ఏడాది దాటింది. ఇన్నాళ్లకి చెప్పుకోదగ్గ పని ఒకటి చేశాను. మా చైర్మన్ గారి పుట్టినరోజుకి మునిసిపాలిటీ తరఫున రక్తదాన శిబిరం పెట్టించాను. ఆలోచన నాదే, కాకపోతే మైకులో ఆయనదని చెప్పారు, పోనీలే. జనం ఎంత వచ్చారంటే మంచాలు చాలక బడి నుంచి బల్లలు మోయించాం. వరస టౌన్ హాలు మెట్లు దిగి, గేటు దాటి, పోస్టాఫీసు దాకా వెళ్లింది. అన్ని వార్డుల్లోకీ మా వార్డు నుంచే ఎక్కువమంది వచ్చారని నాకు ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని కుట్టుమిషను పైనున్న అరలో పెట్టాను. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ముందు దాని గురించి అడుగుతున్నారు. అడగనివాళ్లకి నేనే చూపిస్తున్నాను.

మా వీధి మొదట్లో తాళాల మేస్త్రి ఉన్నాడు. తాళాలు బాగుచేస్తాడు, మారు చెవులు చేస్తాడు. ఆయన కూతురికి తలసీమియా. తొమ్మిదేళ్ల పిల్ల. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. ఎక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ బ్లడ్ బ్యాంకువాళ్లు బదులు ఇచ్చే మనిషిని తెచ్చుకోమంటారు. ఆయన ఇంటింటికీ తిరిగి ఎవరో ఒకరిని బతిమాలి తీసుకెళ్తాడు. ఆ తిరుగుడు చూడలేకే నేను ఈ శిబిరం వెంటపడ్డాను. "ఇక ఏడాది పాటు మీరు ఎవరి గడపా ఎక్కక్కర్లేదు మేస్త్రీ" అని చెప్తే, పాపం, చేతులు జోడించాడు.

నీ మనవడికి మీసాలు వస్తున్నాయి. అద్దం వదలడం లేదు. మావారు కులాసా. మామయ్యకి నమస్కారాలు చెప్పు.

నువ్వు మెచ్చుకుంటావని కాచుకు కూర్చున్న,
వసపిట్ట


ఫిబ్రవరి 11

చిరంజీవి వసపిట్టకి,

నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించాను. "మన పిల్ల గట్టిది" అన్నారు. ఆయన బ్యాంకులో డబ్బు లెక్కపెట్టినవారు, బ్లడ్ బ్యాంకు సంగతి ఆయనకేం తెలుసు. నేను మాత్రం తల పట్టుకున్నాను.

ఏమే, ముప్పై ఏళ్లు బ్లడ్ బ్యాంకులోనే పనిచేసి రిటైరైన అత్త ఒకతి ఉందని, ముందుగా ఒక్క మాట అడగాలని నీకు తోచలేదా? రక్తం ఎన్నాళ్లు నిలవుంటుందనుకున్నావు? ఫ్రిజ్‌లో ఎంత జాగ్రత్తగా పెట్టినా నెలా పది రోజులు. ఆ తరవాత పారబోయడమే. ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. నువ్వేమో ఇచ్చే మనసున్న వాళ్లందరినీ ఒకే రోజు వరసలో నిలబెట్టావు. ఏడాదికి సరిపడా బియ్యం ఒకే పూట వండేసి, ఇంట్లో అన్నానికి లోటు లేదని సంబరపడ్డట్టుంది. మార్చి దాటితే ఆ అరలో ఏముంటుంది? ఆపైన ఎండాకాలం. కాలేజీలు మూసేస్తారు, జనం ఊళ్లకి పోతారు. ఏటా ఆ నెలల్లోనే మేము ఫోన్లు పట్టుకుని తెలిసినవాళ్లందరినీ దేవులాడేవాళ్లం. అప్పుడు నీ మేస్త్రి ఎవరి తలుపు కొడతాడు? నీ షీల్డులో రక్తం నిలవుంటుందేమో చూడు.

ఇంకొకటి. ఉత్తరం నిండా అందరి చేతులూ ఉన్నాయి, నీ చెయ్యి ఎక్కడా కనపడలేదు. నువ్వు ఇచ్చావా?

మా మేడ మీదకి ఒక పిల్లి వచ్చి చేరింది. మీ మామయ్య దాన్ని తరిమేస్తున్నానంటారు. గిన్నెలో పాలు మాత్రం తగ్గిపోతున్నాయి.

ఆశీస్సులతో, అంతకన్నా ఎక్కువ చిరాకుతో,
నీ అత్తయ్య


మార్చి 14

అత్తయ్యకు,

జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువై కాదు, ఒళ్లు మండి. నీ ఉత్తరం నా గాలి మొత్తం తీసేసింది. షీల్డు తీసి బట్టల మూటల వెనక పెట్టేశాను. చాలా రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. తరవాత, నువ్వు చెప్పింది తప్పని నిరూపించి నీ నోరు మూయిద్దామని బ్లడ్ బ్యాంకుకి వెళ్లాను.

అక్కడ టెక్నీషియన్ చిన్న పిల్ల. నేను కౌన్సిలర్‌నని చెప్తే ఫోటో తీయించుకోవడానికి వచ్చాననుకుని జుట్టు సర్దుకుంది. "కాదమ్మా, ఫ్రిజ్ చూపించు" అన్నాను. చూపించింది. గడువు దాటిన సంచులు ఒక డబ్బాలో వేరుగా పెట్టి ఉన్నాయి, పారేయడానికి. మా వార్డులో ఎవరెవరు చొక్కా చేతులు పైకి మడిచి పడుకున్నారో నాకు తెలుసు అత్తయ్యా. వాళ్ల రక్తం అది. మిగతా అరలు దాదాపు ఖాళీ.

బయటికి వస్తే బెంచీ మీద మా తాళాల మేస్త్రి. పక్కన ఎవరో కొత్త మనిషి. తెలిసినవాళ్లని ఎవరిని అడిగినా "మొన్ననే శిబిరంలో ఇచ్చేశాం కదా" అన్నారట. చివరికి ఊరి బయట ఇటుకల బట్టీ దగ్గరికి వెళ్లి ఒకాయన్ని వెతికి తెచ్చుకున్నాడు. అంటే నా శిబిరం వల్ల ఆయన గడపలు తగ్గలేదు, పెరిగాయి. నన్ను చూసి లేచి నిలబడి, "మీరు మంచికే చేశారమ్మా" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అందుకని ఒక ఆలోచన చేశాను, ఈసారి ముందే అడుగుతున్నాను. ఎండాకాలం మేము నీళ్లు ఎలా వదులుతామో తెలుసుగా. అన్ని కుళాయిలూ ఒకేసారి వదిలితే పొద్దెక్కేలోపు ట్యాంకు ఖాళీ, ఎత్తు మీద ఇళ్లకి చుక్క రాదు. అందుకే వీధికో వంతు. ఏ వీధికి ఎప్పుడో మూలమూలకీ బోర్డులుంటాయి. రక్తానికీ అలాగే వంతు పెడితే? వారానికో వీధి. ముందు శిబిరానికి రాని వీధులు, మే నెల నుంచి మా వార్డు. పొద్దున చెత్త బండి మైకులో పాటకి బదులు "ఈ వారం మీ వీధి వంతు" అని చెప్పిస్తాం. ఆ బోర్డుల మీదే రాయిస్తాం. వార్డు ఆఫీసులో ఒక గది ఇస్తాం. కొత్తగా పైసా ఖర్చు లేదు, అన్నీ మునిసిపాలిటీ దగ్గర ఉన్నవే. చైర్మన్ గారు విని, "మళ్లీ పుట్టినరోజు వస్తుందిగా" అన్నారు. కమిషనర్ గారు మాత్రం రాసి ఇమ్మన్నారు.

నా చెయ్యి సంగతి అడిగావు. శిబిరంలో అందరికన్నా ముందు నేనే వెళ్లాను. పరీక్ష చేసి, వద్దు, కొన్ని నెలలు ఆగాలన్నారు. మందులు రాసిచ్చారు. పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయి. మావారికి ఇంకా చెప్పలేదు, నువ్వూ ఎవరితో అనకు. ఈ వయసులో ఇదేంటని నాకే సిగ్గుగా ఉంది.

సగం కోపం తగ్గిన,
వసపిట్ట


మార్చి 22

బంగారు తల్లికి,

నీ ఉత్తరం ఆఖరి పేరా నాలుగుసార్లు చదివాను. ఎవరితో అనకు అన్నావు కాబట్టి మీ మామయ్యకి ఒక్కరికే చెప్పాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాం. సిగ్గెందుకే? నీ వయసు వాళ్లని మా ఆసుపత్రిలో ఎంతమందిని చూశాను. అందరూ బాగున్నారు. మిషను తొక్కడం తగ్గించు. మెట్లు ఎక్కితే నెమ్మదిగా ఎక్కు. మీ ఆయనకి చెప్పేయి, సంతోషిస్తాడు. అబ్బాయికి మాత్రం నిదానంగా చెప్పు, మీసాలొచ్చే వయసు, ముఖం చాటేస్తాడు.

ఇక నీ వంతుల పద్ధతి. నాకు నచ్చింది. ఈ మాట నా నోట ఎంత కష్టంగా వచ్చిందో నీకు తెలియాలి. అంత తెలివైన పని మా కాలంలో ఒక్క మునిసిపాలిటీకీ తట్టలేదు. అయితే మూడు సంగతులు బుర్రలో పెట్టుకో. ఈ వారం ఏ గ్రూపు ఎంత కావాలో ముందు ఆ టెక్నీషియన్ పిల్లని అడుగు, అంతమందినే పిలువు. ఎక్కువమంది వస్తే పేరు రాసుకుని తరవాతి వారానికి రమ్మను. దండలూ షీల్డులూ వద్దు. బలవంతం అసలే వద్దు. ఇవ్వనివాడి వైపు ఎవరూ వేలు చూపించకూడదు, అలా చూపించిన చోట మరుసటి ఏడాది ఒక్కడు రాడు.

చిన్న పార్శిల్ పంపుతున్నాను. ఎవరికి అని అడగొద్దు, చూస్తే నీకే తెలుస్తుంది. కళ్లు సరిగ్గా కనపడక ఒక కుట్టు జారింది, ఏమనుకోకు.

పిల్లి ఇప్పుడు మీ మామయ్య కుర్చీలో పడుకుంటోంది. ఆయన నించుని పేపరు చదువుతున్నారు.

జాగ్రత్తగా ఉండమని వేయిసార్లు చెప్తూ,
నీ అత్తయ్య


ఏప్రిల్ 6

అత్తయ్యకు,

కొంప మునిగింది. మొదటి నుంచీ చెప్తాను.

కమిషనర్ గారు ఒప్పుకున్నారు. మొదటి వారం పాత మార్కెట్ వీధి వంతు. బోర్డు మీద పైన "నీళ్లు: సోమ, గురు", కింద "రక్తం: ఈ శనివారం" అని రాయించాను. అందంగా, ఎర్ర రంగుతో. శనివారం గది ఊడ్పించి కూర్చున్నాం. వచ్చింది నలుగురే. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు, పన్ను కట్టడానికి. సరే, కొత్త కదా అనుకున్నాను. సోమవారం పొద్దున్నే ఆ వీధికి నీళ్లిచ్చే పంపు మోటారు కాలిపోయింది. ఊళ్లో ఎన్ని వీధులున్నాయి? నీళ్లు ఆగింది మాత్రం పాత మార్కెట్ వీధికే.

ఇంకేముంది. రక్తం ఇవ్వలేదని కుళాయి కట్టేశారని పుకారు. మధ్యాహ్నానికి మా దుకాణం ముందు ఖాళీ బిందెలు, బకెట్లు. కుట్టిన బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు లోపలికి రాలేకపోయారు. మోటారు కాలిందని గొంతు చించుకున్నాను. "రక్తం ఇవ్వని వీధికే కాలిందా మోటారు?" అంది ఒకావిడ. పూల దుకాణం ఆవిడ, నోరు పెద్దది. ఆవిడే ఆఖర్న, "అందరినీ ఇవ్వమంటున్నావు, ముందు నువ్వు ఇచ్చావా?" అంది. నేను నీళ్లు నమిలాను అత్తయ్యా. అంత జనంలో, ఇవ్వలేదని ఎలా చెప్పను? నా మౌనం చూసి అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

చైర్మన్ గారు పిలిచి బోర్డులు తీయించేశారు. ఈ నెల మీటింగులో ఈ పథకం ఉంచాలా, ఎత్తేయాలా తేలుస్తారట. ఎత్తేస్తారనే అందరూ అంటున్నారు. మేస్త్రి కూతురికి ఈ నెలాఖరులోనే ఎక్కించాలి. మొన్న ఆ పిల్ల బడి నుంచి వస్తూ మా అరుగు మీద కూర్చుని అలుపు తీర్చుకుని వెళ్లింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

నీ పార్శిల్ అందింది. మేజోళ్లు ముద్దుగా ఉన్నాయి, కానీ ఆ పిల్లకి తొమ్మిదేళ్లని రాశాను కదా, బొటనవేలు కూడా పట్టలేదు. కళ్ల డాక్టరుకి చూపించుకో. పిల్ల పారేయలేదులే, వాళ్ల నాన్న చిన్న సుత్తులకి తొడిగింది. కొడితే చప్పుడు రావడం లేదని మేస్త్రి మళ్లీ తీసేశాడు.

మావాడికి నా సంగతి చెప్తే ముఖం చాటేస్తాడన్నావు. ఎందుకు చాటేస్తాడో నాకు అర్థం కాలేదు.

నీరసంగా,
వసపిట్ట


ఏప్రిల్ 13

వసపిట్టకి,

సుత్తులకా? రెండు నెలల పాటు తీరిగ్గా అల్లాల్సిన వాటిని, కళ్లు చికిలించుకుంటూ నాలుగు రోజుల్లో అల్లాను. నీ కడుపులో పెరుగుతున్న ప్రాణి కోసమే, మేస్త్రి పనిముట్ల కోసం కాదు. పోనీ, పుట్టాక ఇంకో జత అల్లుతాను. ఎన్నో నెలో మాత్రం ఇంతవరకు రాయలేదు నువ్వు. మీ మామయ్య రోజూ అడుగుతున్నారు.

నీ గొడవ సంగతి. బోర్డు తప్పు నీదే. నీళ్లనీ రక్తాన్నీ ఒకే చెక్క మీద రాస్తే నేనైనా అలాగే అనుకుంటాను. విడదీయి. మోటారు కాలిన సంగతి చెప్పడం కాదు, నలుగురిని పంపు దగ్గరికి తీసుకెళ్లి చూపించు.

దానికన్నా పెద్ద తప్పు నువ్వు మాట్లాడకపోవడం. పూల దుకాణం ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? నిన్ను వద్దన్న కారణం అక్కడే, అందరి ముందూ చెప్పాల్సింది. దాచుకుంటే జనం వాళ్లకి తోచింది అనుకుంటారు. సిగ్గుపడే సంగతి కాదది. ఉన్నదున్నట్టు చెప్పు. విన్నాక కూడా నిన్ను దెప్పేవాళ్లెవరో నేనూ చూస్తాను.

ఆ పిల్ల పెదవుల గురించి రాశావు. నాకు అన్నం సహించలేదు. మీటింగు దాకా ఆగకు.

నీ అత్తయ్య


ఏప్రిల్ 25

అత్తయ్యా,

కూర్చునే చదువు. కడుపూ లేదు, ఏమీ లేదు. నాకు హిమోగ్లోబిన్ తక్కువ. అంతే. కళ్లు తిరిగింది అందుకు, మందులు అందుకు, నెలలు ఆగమన్నది అందుకు. నీ ఉత్తరం మావారి చేతిలో పడింది. చదివి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. మావాడు వచ్చి "ఏమైంది నాన్నా" అంటే ఆ కాగితం వాడి చేతికిచ్చారు. నువ్వన్నట్టే వాడు ముఖం చాటేశాడు, రెండు రోజులు. అసలు సంగతి చెప్పాక ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. బ్లడ్ బ్యాంకులో అన్నేళ్లు చేసినదానికి, రక్తం తక్కువేమోనని తట్టకుండా ఉయ్యాల ఎలా తట్టింది అత్తయ్యా?

అయినా నీ సలహా పాటించాను. నువ్వు ఏ కారణం అనుకుని చెప్పావో గానీ, మాట సరైనదే.

పాత మార్కెట్ వీధికి నీళ్లు వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి కుళాయి దగ్గర నిలబడ్డాను. బిందెల వరస అంతా ఉంది, పూల దుకాణం ఆవిడ అందరికన్నా ముందుంది. "ఆ రోజు అడిగావు, చెప్పలేకపోయాను" అన్నాను. "ఇద్దామనే వెళ్లాను. నా ఒంట్లో నాకే సరిపడా రక్తం లేదని వెనక్కి పంపించారు. ఊరందరినీ ఇవ్వమని చెప్పే మనిషిని, నేనే పనికిరాలేదని చెప్పడానికి నామోషీ అనిపించింది."

ఆవిడ బిందె కింద పెట్టింది. "నన్నూ పంపించేశారు" అంది. మెల్లగా అంది, ఆ నోటితో. "నువ్వు వద్దు, పక్కకి జరుగు అన్నారు. నాలో ఏదో తప్పున్నట్టు అందరూ చూశారు. ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కకూడదనుకున్నా." వెనక నుంచి ఇంకొకావిడ, "నన్నూ" అంది. తరవాత ఇంకొకావిడ. నీళ్లు నిండి బిందెలు పొర్లిపోతున్నాయి, ఎవరూ కుళాయి కట్టలేదు. నీళ్ల విభాగం వాళ్లు చూడలేదు కాబట్టి సరిపోయింది.

అదే మీటింగులో చెప్పాను. వెనక్కి పంపేయడంతో చేతులు దులుపుకోకూడదు, అలా పంపినవాళ్లకి మునిసిపల్ ఆసుపత్రి నుంచే మందులివ్వాలి, మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయాలి అని. బోర్డులు వద్దు, చెత్త బండి మైకు చాలు. మునిసిపల్ సిబ్బంది వాళ్ల వంతు రోజు ఒక పూట సెలవు తీసుకోవచ్చు. చైర్మన్ గారు ఏదో అనబోయారు. వెనక బెంచీలో పూల దుకాణం ఆవిడ తన వీధివాళ్లని వెంటేసుకుని వచ్చి కూర్చుంది. ఆయన నీళ్లు తాగి, "కానివ్వండి" అన్నారు.

పోయిన శనివారం మళ్లీ పాత మార్కెట్ వీధే. టెక్నీషియన్ పిల్ల ఎంతమంది కావాలందో అంతమందినీ తీసుకుని, మిగతావాళ్లని తరవాతి వారానికి రమ్మంది. వాళ్లు అలిగారు. మేస్త్రి కూతురికి రక్తం దొరికింది. కానీ ఆయన అలవాటు కొద్దీ మళ్లీ ఎవరినో వెంటబెట్టుకునే వెళ్లాడు.

నీ మేనకోడలు, ఇద్దరు మనుషులు కాదు, ఒక్కతే,
వసపిట్ట


మే 2

వసపిట్టకి,

మీ మామయ్య నాలుగు రోజులుగా నన్ను చూసి నవ్వుతున్నారు. వీధి చివర వడ్రంగికి ఉయ్యాల చెప్పి వచ్చారట, ఇప్పుడు దాన్ని వద్దనడానికి మొహం చెల్లక పిల్లి కోసమని చెప్పారట. నవ్వితే నవ్వనీ. ఒక్క నెల రోజులు చాలా సంతోషంగా ఉన్నాం, అందులో అబద్ధమేముంది? నువ్వు మందులు మాత్రం మానకు.

నువ్వు కుళాయి దగ్గర చెప్పిన సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. నేను కూడా ఎంతోమందిని "వద్దమ్మా, పక్కకి జరుగు" అన్నాను. రోజూ వందమంది, విసుగు. వాళ్లు ఇంటికి ఏం మోసుకెళ్లారో ఒక్కసారీ ఆలోచించలేదు. నా మేనకోడలు ఆ పనిని నాకన్నా బాగా అర్థం చేసుకుంది. ఇది మెచ్చుకోవడమే, షీల్డు పక్కన పెట్టుకో.

నాకు సూదులంటే ఎప్పుడూ బాధనిపించలేదు. బాధంతా రక్తం సంచులిచ్చే కిటికీ దగ్గర. అవతల చెయ్యి చాచుకుని మనిషి నిలబడి ఉంటాడు, ఇవతల నేను "లేదు" అనాలి. వాళ్లు కోప్పడరు చూడు, అదే భరించలేం. ఎవరూ నన్ను తిట్టలేదు, అన్నేళ్లలో. ఎండాకాలం అంతా ఆ కిటికీ కలలోకి వచ్చేది.

ఎంతమంది ఇచ్చారు, ఎన్ని సంచులు, అవన్నీ కమిషనర్‌కి రాసుకో. నడి ఎండల్లో మీ మేస్త్రి ఎలా ఉన్నాడో నాకు రాయి. నాకు అదొక్కటే కావాలి.

ప్రేమతో,
నీ అత్తయ్య


మే 30

అత్తయ్యా,

ఈ ఉత్తరం మా ఇంటి గుమ్మం బయట కూర్చుని, కొలతలు రాసుకునే కాగితం వెనక రాస్తున్నాను. తాళంచెవి లోపల ఉంది, నేను బయట ఉన్నాను. మావారూ అబ్బాయీ పెళ్లికి వెళ్లారు. ఎండ మండిపోతోంది. అయినా నేను హాయిగా ఉన్నాను, ఎందుకో చెప్తాను.

తలుపు మూసుకుని తాళం పడగానే తాళాల మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను. మా వార్డులో ఎవరు ఎప్పుడు పిలిచినా వెంటనే బయల్దేరే మనిషి. కంచం ముందు నుంచి లేచి వచ్చిన రోజులు నాకే తెలుసు. ఇవాళ కూడా అన్నం తింటున్నాడు. తలెత్తి నన్ను చూసి, "తింటున్నానమ్మా. అరగంట ఆగండి" అన్నాడు. మళ్లీ కంచంలోకి చూసుకున్నాడు. నేను వెనక్కి వచ్చి ఇదిగో ఇక్కడ కూర్చున్నాను.

ఈ వారంలో ఆయన మీద నాకు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన దుకాణానికి అడ్డంగా మందుల షాపు ఆయన ఏళ్ల తరబడి స్కూటర్ పెడుతున్నాడు. మొన్న మేస్త్రి దాన్ని తీయమన్నాడట, గట్టిగా. ఇంకెవరికో "ఇవాళ కుదరదు, రేపు రా" అన్నాడట. "మేస్త్రికి కళ్లు నెత్తికెక్కాయి, మీరు కాస్త చెప్పండి" అని మందుల షాపు ఆయన నా దగ్గరికి వచ్చాడు. నాకూ అంతు పట్టలేదు. టెక్నీషియన్ పిల్లని అడిగితే చెప్పింది. పోయిన వారం పిల్లకి ఎక్కించే రోజున మేస్త్రి ఎప్పటిలాగే ఒకాయన్ని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈ పిల్ల, "బదులు ఎవరూ అక్కర్లేదు, ఉంది, తీసుకెళ్లండి. ఇక ముందు కూడా ఎవరినీ తేనక్కర్లేదు" అంది. నిజమేనా అని రెండుసార్లు అడిగాడట. వెంట వచ్చినాయన్ని ఇంటికి పంపించి, బెంచీ మీద ఊరికే కూర్చున్నాడట. మే నెలాఖరు, అత్తయ్యా. ఆ అరలో ఉంది.

ఇంతవరకు రాసేసరికి ఆయన వచ్చాడు. తాళం చూసి మొహం చిట్లించాడు. "ఇంత చెత్త తాళం కౌన్సిలర్ ఇంటికా" అన్నాడు. చిటికెలో తీశాడు. తీసి వెళ్లిపోలేదు. చెత్త బండి మైకు సరిగ్గా పిల్ల ఇంకా నిద్రలో ఉండే వేళకి వస్తోందని కోప్పడ్డాడు. ఆయన ఇంటి వెనక కాలువ పూడిపోయి రెండేళ్లయిందని, వార్డులో ఇన్ని పనులు చేసేదాన్ని ఒక్కసారైనా అటు తిరిగి చూశానా అని అడిగాడు. గొంతు పెంచాడు కూడా. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు.

"రెండేళ్లుగా ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?" అన్నాను.

ఆయన చేతిలో పనిముట్లు సంచిలో పెట్టుకున్నాడు. "ఎవరికి చెప్పమంటారమ్మా? తొమ్మిదేళ్లుగా నేను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. ఎవరితో మాట తేడా వచ్చినా, రేపు వాళ్ల చెయ్యే అడగాలేమో అని. మీ చెయ్యి కూడా."

మేమందరం ఆయన్ని నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాం. అది ఆయన తత్వం కాదట. మా వార్డు ఆయనకి వేసిన తాళమది. ఆయన కళ్లు చెమర్చాయి, నావి కూడా. కానీ ఆయన వెంటనే తుడుచుకుని మళ్లీ మొహం గంటు పెట్టుకున్నాడు.

ఇక ఆపేస్తున్నాను, అత్తయ్యా. తలుపు తెరిచే ఉంది, కానీ లోపలికి వెళ్లలేను. కాలువ సంగతి తేల్చేదాకా కదలనని ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

నీ వసపిట్ట